చాందినీకి ఒక్కటే మిస్డ్ కాల్

గద్వాల బస్టాండులో దిగేసరికి యమునకు తల ప్రాణం తోకకొచ్చింది. పొద్దున్నే నాగర్‌కర్నూల్‌లో ఒక పెళ్ళికొడుకు తాగుతాడా తాగడా అన్న ఎంక్వైరీ. అక్కణ్ణించి బిజినేపల్లి మీదుగా వనపర్తి. ఇంటికి చేరి బ్యాగు దించకముందే ఫోను, మళ్ళీ బస్సు. పోలీసు ఉద్యోగానికి దండం పెట్టి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టిన రోజున హంతకులను పట్టుకోవాలనుకుంది. ఇన్నేళ్ళుగా పట్టుకుంటున్నది తాగుబోతు పెళ్ళికొడుకులను. రెండువేల ఏడు మే నెల, ఆదివారం మధ్యాహ్నం, నేల పెనంలా ఉంది. ఈ వయసులో ఇదంతా నాకెందుకు అని రోజూ అనుకున్నట్టే అనుకుంటూ ఆటో ఎక్కింది.

పిలిచింది జబీన్ అనే అమ్మాయి. ఆమె మామ అబ్దుల్ రహమాన్ నిన్న పొద్దుగూకే వేళకు సొంత ఇంట్లో, టీవీ ముందు, తల పగిలి పడి ఉన్నాడు. ఇప్పుడు కర్నూలు దవాఖానలో ఉన్నాడు. ఆయన్ను మొదట చూసింది కొడుకు సల్మాన్, అంటే జబీన్ భర్త. చూసిన పాపానికి స్టేషన్లో కూర్చున్నాడు. చీకటి పడేలోపు మేజిస్ట్రేటు ఇంటికి తీసుకెళ్ళి రిమాండుకు పంపిస్తారట. అంటే యమునకున్నది ఒక్క సాయంత్రం.

సందు మొదట్లో ఒక జీపు ఎదురొచ్చి, దుమ్ము రేపుకుంటూ పక్కనుంచి పోయింది. డ్రైవరు పక్క సీట్లో టిఫిన్ క్యారియర్ ఉంది.

"మా మామ దోస్తు అనంతయ్య పెద్దనాయిన అల్లుడు మేడం, జంగయ్య అన్న. కర్నూల్ల మా అత్తకు అన్నం తీసుకపోతుండు," అంది వాకిట్లో నిలబడ్డ జబీన్. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి గానీ మాట గట్టిగానే ఉంది. "ఇంతకుముందే అత్త ఫోన్ చేసింది. మా మామ కండ్లు తెరిచిండంట. సాయంత్రానికి మాట్లాడొచ్చని డాక్టర్ అన్నడంట. ఆ మాట చెప్తే, మీరు పరేషాన్ కాకుండ్రి, నేను పోతనని జంగయ్య అన్న వెంటనే బయల్దేరిండు."

"మీ మామ మాట్లాడేవరకు సీఐ ఆగొచ్చు కద?"

"ఆగడంట. కొట్టినోడు వెనకనుంచి కొట్టిండు, ముసలాయన ఏం చూసుంటడు అంటుండు."

అరుగు మీద ఒక పెద్దమనిషి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. తెల్ల మీసాలు, నిటారు నడుము. ఆయనే అనంతయ్య, ఖిల్లా ఘణపూర్ రైతు. పడుచు వయసులో రహమాన్‌తో కలిసి పటాలంలో గుర్రాల చాకిరీ చేసినవాడు. యమునను చూసి లేచాడు, ఏదో చెప్పబోయి మళ్ళీ కూలబడ్డాడు.

"నా నోటితోనే పిలగాణ్ణి మునగగొట్టిన మేడం," అన్నాడు.

ఆ మాట సంగతి తర్వాత చూద్దామని యమున లోపలికి నడిచింది. ముందు గది చూడాలి. మనుషులు ఏడుస్తూ చెప్పే మాటల్లో పడితే గది చూడ్డానికి ఓపిక మిగలదని ఆమెకు అనుభవం.

గది చిన్నది. ఎదురుగోడకు టీవీ, దాని ముందు వాలుకుర్చీ, కుర్చీ వీపు గుమ్మంవైపు. తలుపుకు అడ్డం పెట్టే కట్టెతో కొట్టారు, దాన్ని పోలీసులు తీసుకుపోయారు. కుర్చీకి కుడిపక్క నేల మీద రక్తం ఎండి నల్లబడింది. ఎడమపక్క ఒక పెద్ద రేకు పళ్ళెం చెక్కుచెదరకుండా ఉంది. అందులో ఇసుక పరిచి, అగ్గిపెట్టెలూ పుల్లలూ నిలబెట్టి, మధ్యలో ఒక మూతలో నీళ్ళు పోసి పెట్టారు. పళ్ళెం అంచున చింతగింజలు బారులు తీరి ఉన్నాయి. పక్కన ఒక గిన్నె.

"పిల్లల ఆటా?" అంది యమున.

"మా మామ ఆట," అంది జబీన్. "ఇంగ్లండుల గుర్రాల పోటీ అయితది మేడం. దునియాల అంతకంటె పెద్దది లేదంటడు. ఏడాదంత దానికోసమే చూస్తడు. డిష్ పెట్టించింది గూడ దానికే. మూడు తీర్ల ఆట అది. ముందుగాల గుర్రం నాచ్ చేస్తది. రెండోది నిన్న. మైదానంల ఉరుక్కుంట, మొద్దులు, కందకాలు, నీళ్ళు అన్ని దుంకాలె. ఆఖరిది ఇయ్యాల. రంగు కట్టెలు దుంకుడు."

"మరి ఈ గింజలు?"

"ఒక్కో గింజ ఒక్కో గుర్రం. ఉరికే ముందు ఈ వరుసల ఉంటది. ఉరికినంక గిన్నెల వేస్తడు. ఆ గవ్వ ఉంది చూడుండ్రి, అది చాందినీ. తెల్ల గుర్రం. అసలు పేరు మాకు నోరు తిరగదు, చాందినీ అని ఆయనే పెట్టిండు. దానిమీద ప్రాణం ఆయనకు."

యమున మోకాళ్ళు పట్టుకుని వంగింది, మోకాళ్ళు తిట్టాయి. గిన్నెలో గింజలు అడుగున మాత్రమే ఉన్నాయి. వరుసల్లో మాత్రం బోలెడున్నాయి. వాటి మధ్య గవ్వ అట్లాగే కూర్చుని ఉంది.

"నిన్న మీరెవరూ ఇంట్లో లేరా?"

"నేను, అత్త బిజినేపల్లికి దావత్‌కు పోయినం. సల్మాన్ పత్తిగింజల గోదాంల ఉన్నడు. పొద్దుందాంక ఆడనే ఉన్నడు, హమాలీలందరు చూసిన్రు. పొద్దున మాత్రం కొట్లాడిన్రు మేడం, అబద్ధం చెప్ప. ఈ గదిల సెల్‌ఫోన్ల దుకాణం పెడ్తనని సల్మాన్, పోటీ అయ్యేదాంక కుర్చీ జరపనని మామ. నీ గుర్రాల టీవీ పగలగొడ్తనని సల్మాన్ ఒర్రిండు. సందంత విన్నది. కానీ ఆయన మనసు గట్లాంటిది కాదు. రాత్రి స్టేషన్ల నన్ను చూసి, అబ్బకు ఎట్లుంది అని ఒక్కటే అడిగిండు."

"ఈ వారంలో మీ మామ ఇంకేదైనా కొత్తగా ప్రవర్తించాడా?"

జబీన్ ఆలోచించింది. "శుక్రవారం వనపర్తిల ఎవరివో పెండ్లి గుర్రాలు చూసొచ్చిండు. రాంగనే అంగీ, లుంగీ కాలబెట్టిండు. ఫినాయిల్‌తో చేతులు కడుక్కున్నడు. నా బిడ్డను దగ్గరికి రానియ్యలే. సోమవారం గుర్రాల డాక్టర్ దగ్గరికి పోవాలన్నడు. ఏందని అడిగితే, నీకెందుకమ్మా అన్నడు."

ఇంతలో వాకిట్లో బూట్ల చప్పుడు. సీఐ నాగేశ్ అనుమతి అడక్కుండా లోపలికొచ్చాడు. అతనూ యమునా ఒకే రోజు ఎస్సైలయ్యారు. అతను సీఐ అయ్యాడు, ఆమె ఇంటికి పోయింది. ఆ సంగతి ఇద్దరిలో ఒకరు కూడా మరిచిపోలేదు.

"ఏంది యమునా మేడం, పెండ్లికొడుకులు అయిపోయిన్రా?"

"ఇంకా ఉన్నారు. ఇది చూసి పోదామని వచ్చాను."

"చూసెటందుకు ఏం లేదు. లెక్క సాఫ్. నిన్న పొద్దుగూకంగ ముసలాయన ఆ తెల్లగుర్రం ఉరికిందని చెప్పెటందుకు ఈ అనంతయ్యకు ఫోన్ కొట్టిండు. అంటే అప్పటికి బతికే ఉన్నడు, టీవీ చూస్తనే ఉన్నడు. ఎదురింటి సత్తెమ్మ ఎండ దిగినప్పటి సంది అరుగు మీద బీడీలు చుట్టుకుంట కూసుంది. ఫోనొచ్చినంక ఈ ఇంట్లకు వచ్చింది సల్మాన్ ఒక్కడే. ఇంకెవరు రాలే, పోలే."

"ఎండ దిగకముందు?"

"అప్పుడు సందంత తలుపులు పెట్టుకొని పండుకున్నది. కానీ అప్పటితో మనకేం పని? ఫోన్ ఆ తర్వాతనే కద వచ్చింది."

"ఆ ఫోను ఎక్కడుంది?"

"లేదు. సల్మానే ఏ కాలువలనో పారేసుంటడు. కంపెనీకి రాసిన. ఏ టవరు కింద నుంచి కొట్టిన్రో కాగితం రావాలంటే వారం పడ్తది. మేజిస్ట్రేటు గారు వారం కూసోరు."

యమున పళ్ళెం చూపించింది. "ఈ గింజలు చూసినవా? గుర్రం ఉరికినాక గిన్నెలో వేస్తాడట. చాందినీ ఇంకా వరుసలోనే ఉంది. అది ఉరకనే లేదు, ఈయన లెక్కలో. మరి దాని గురించి ఫోనెట్లా చేశాడు?"

నాగేశ్ నవ్వాడు. ఆ నవ్వు చూస్తేనే యమునకు సగం అలసట వచ్చేది, ట్రైనింగు రోజుల నుంచీ. "చింతగింజల మీద కేసు రాస్తే కోర్టుల బంట్రోతు గూడ నవ్వుతడు. ముసలోడు మర్చిపోయిండు, అంతే. మీరు జర ఇంటికి పోయి పండుకోండ్రి మేడం, మొఖం గుంజుకపోయింది."

నిజమే, గుంజుకుపోయింది. పడుకోవాలనీ ఉంది. కానీ బారుతీరిన ఆ గింజలు ఆమెను కదలనివ్వలేదు. అంత పొందికగా ఆట పరుచుకున్న మనిషి, తన ప్రాణమనుకున్న గవ్వను మరిచిపోతాడా?

ఆమె అరుగు మీదికొచ్చి అనంతయ్య పక్కన కూర్చుంది. నాగేశ్ కూడా వెనకే వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు.

"నిన్న వచ్చిన ఫోను గురించి చెప్పండి."

"ఫోను కాదు, మిస్డ్ కాల్. మా ఇంట్ల డిష్ లేదు. అందుకని ఏండ్ల సంది మాకొక కట్టుబాటు. చాందినీ ఉరికినంక రహమాన్ నాకు మిస్డ్ కాల్ ఇయ్యాలె. ఒక్కసారి కొడ్తె, ఏ అడ్డం కాడ ఆగకుండ దుంకిందని. రెండుసార్లు కొడ్తె, ఏదో ఒకదాని కాడ మొరాయించిందని. మూడుసార్లు కొడ్తె పడ్డదని. నిన్న ఒక్కటే వచ్చింది. శానా సంబురపడ్డ. రాత్రి సంగతి తెలిసినంక, పొద్దుగూకంగ గూడ నాకు కొట్టిండు సారూ అని సీఐ సారుకు నేనే చెప్పిన. సాయం చేస్తున్న అనుకున్న మేడం. అదే పిలగాని మెడకు చుట్టుకున్నది."

"సరిగ్గా ఉరికిందని ఆయన చెప్పాడు. ఇవాళ ఆఖరి ఆట మీరు చూడరా?"

"రహమాన్ లేకుండ ఆ టీవీ ముందల కూసోలేను."

"నాకోసం కూర్చోండి. నాకు ఆ ఆట తెలియదు. తెలిసినవాళ్ళు మీరొక్కరే."

నాగేశ్ గడియారం చూసుకున్నాడు. "కూసోండ్రి, చూడుండ్రి. చాయ్ గూడ తాగుండ్రి. నేను పిలగాణ్ణి తీసుకొని పోతున్న." కానీ పోలేదు. బయట ఎండ మండుతోంది, లోపల ఫ్యాను తిరుగుతోంది. అతనూ మనిషే.

జబీన్ టీవీ పెట్టింది. తెర మీద పచ్చటి గడ్డి, చుట్టూ జనం, రంగు రంగు కట్టెలు. ఒక గుర్రం వచ్చి దుంకి పోయింది. ఇంకొకటి వచ్చింది. అనంతయ్య వాలుకుర్చీని ముట్టుకోకుండా నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. మొదట తల దించుకునే ఉన్నాడు, తర్వాత కళ్ళు ఆయన మాట వినలేదు. గుర్రం కాళ్ళు లేపినప్పుడల్లా ఆయన భుజాలు లేస్తున్నాయి.

"ఇవి వెనకబడ్డ గుర్రాలు మేడం," అన్నాడు మెల్లగా. "ఆఖరి దినం ఉల్టా పిలుస్తరు. అందరికంటె తక్కువున్నది ముందుగాల, అందరికంటె మీదున్నది ఆఖరికి. చాందినీ నాచ్‌ల నాలుగో జాగల ఉండెనని రహమాన్ చెప్పిండు. నిన్న గూడ మంచిగ దుంకింది గనక అది రావాలంటే ఇంక శానాసేపు..."

తెర మీద ద్వారం తెరుచుకుంది. తెల్ల గుర్రం మెడ వంచుకుని లోపలికొస్తోంది.

"చాందినీ," అంది జబీన్.

"కాదు," అన్నాడు అనంతయ్య. "ఇంత ముందుగాల ఎందుకొస్తది?"

కానీ అదే. రౌతు పసుపు చేతితొడుగులు చూసి జబీన్ కూడా గుర్తుపట్టింది. అనంతయ్య మోకాళ్ళ మీద టీవీ దాకా పాకినట్టే పోయి, తెర అడుగున వచ్చిన అంకెల మీద వేలు పెట్టాడు. "ఇది నాచ్ లెక్క. ఇది నిన్నటిది. ఇరవై... ఇరవై పడ్డయి మేడం. మొరాయిస్తేనే ఇరవై పడ్తయి."

ఆయన మాటకు సాక్ష్యమన్నట్టు తెర మీద నిన్నటి ముక్క చూపించారు. నీళ్ళ దగ్గర చాందినీ పక్కకు తప్పుకుంది, రౌతు దాన్ని గుండ్రంగా తిప్పి తెచ్చి మళ్ళీ దుంకించింది. తర్వాత హాయిగా చివరిదాకా పోయింది.

"రెండు కొట్టాలె," అన్నాడు అనంతయ్య. "రహమాన్ నాకు రెండు కొట్టాలె. ఒక్కటే వచ్చిందేంది?"

చాందినీ మాత్రం ఇవాళ ఒక్క కట్టె కూడా రాల్చకుండా దుంకుతోంది. దాన్ని చూసేవాళ్ళు ఎవరూ లేరు.

"దోస్తు మనసు కష్టపెట్టొద్దని ఒక్కటే కొట్టిండేమో," అన్నాడు నాగేశ్. గొంతులో మునుపటి ధీమా లేదు.

అనంతయ్య అతనివైపు తిరిగాడు. వచ్చినప్పటి నుంచీ కుంగిపోయి ఉన్న మనిషి ఒక్కసారిగా పెరిగినట్టనిపించాడు. "సారూ, నా ఇంటామె దవాఖానల సావుబతుకుల ఉన్న దినం గూడ పోటీ ఉండె. చాందినీ పడ్డది. ఇయ్యాల వద్దులే అనుకోలే రహమాన్. మూడు కొట్టిండు. గుర్రం సంగతిల ఆయన నోట అబద్ధం రాదు. మా చాకిరీ గట్లాంటిది. కుంటే గుర్రాన్ని బాగుందని చెప్తె, దానిమీద కూసున్నోడు సస్తడు."

యమున లేచి నిలబడింది. అలసట ఎక్కడికీ పోలేదు, కాళ్ళు అట్లాగే నొస్తున్నాయి, అయినా తల మాత్రం తేటగా ఉంది. "విన్నావు కదా నాగేశ్. ఆ మిస్డ్ కాల్ ఇచ్చినవాడు టీవీ చూడలేదు. అసలు టీవీ ఉన్నచోటే లేడు. రహమాన్ అప్పటికే పడిపోయి ఉన్నాడు. ఆట మొదలైన కాసేపటికే కొట్టారు, అందుకే గిన్నెలో గింజలు కొన్నే ఉన్నాయి. ఎండ దిగకముందు, సందంతా నిద్రపోతున్నప్పుడు. ఆ వేళకు సల్మాన్ గోదాంలో హమాలీల మధ్య ఉన్నాడు. కొట్టినవాడు ఫోను జేబులో వేసుకుపోయాడు. పొద్దుగూకే దాకా ముసలాయన బతికి ఉన్నట్టు మనందరినీ నమ్మించాడు. ఒక్కటి కొడితే మంచిదని తెలుసు, కొట్టాడు. గుర్రం ఏం చేసిందో మాత్రం తెలియదు."

నాగేశ్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. అతను వెనక్కి తగ్గడం యమున చూడ్డం ఇదే మొదటిసారి.

జబీన్ చెంగు నోట్లో కుక్కుకుంది. "అయితే సల్మాన్..."

"వస్తాడమ్మా," అంది యమున. అని, అనంతయ్య ఎదురుగా నేల మీదే కూర్చుంది. అడగబోయేది నిలబడి అడిగే ప్రశ్న కాదని ఆమెకు తెలుసు. "ఈ మిస్డ్ కాల్ కట్టుబాటు మీ ఇద్దరికి కాక ఇంకెవరికి తెలుసు?"

"మా ఇంట్ల అందరికి ఎరికే. నవ్వుతుంటరు."

"నిన్న అది మోగినప్పుడు మీ పక్కన ఎవరున్నారు?"

"ఎవరున్నరు? మా అల్లుడే. పండుగ లేదు, పబ్బం లేదు, ఎండ దిగినంక వచ్చిండు. నేను ఫోను దిక్కే చూసుకుంట కూసుంటే, వస్తది తియ్యి మామా, అన్నడు. పెరట్లకు పోయొస్తనని లేచి పోయిండు. జరసేపటికే ఫోను మోగింది."

ఆయన జేబులోంచి తన ఫోను తీసి, దాన్నే చూశాడు.

"మీ అల్లుడేం చేస్తాడు?" అంది యమున. గొంతు సాధ్యమైనంత మెత్తగా పెట్టుకుంది.

"వనపర్తిల... పెండ్లిండ్లకు గుర్రాలు నడుపుతడు."

యమున శుక్రవారం సంగతి రెండు ముక్కల్లో చెప్పింది. కాలబెట్టిన అంగీ, ఫినాయిల్, గుర్రాల డాక్టరు. వింటూ వింటూ అనంతయ్య కళ్ళు మూసుకున్నాడు.

"ముక్కుల పుండ్లు పడే రోగం అది. మనుషులకు గూడ అంటుకుంటది. మా పటాలంల ఒక్కదానికి వస్తే వరుస వరుసంత కాల్చి పాతిపెట్టిన్రు. రహమాన్ సోమవారం డాక్టర్‌కు చెప్తె, జంగయ్య గుర్రాలు ఒక్కటి గూడ మిగలవు." ఆయన కళ్ళు తెరిచాడు. వాటిలో నీళ్ళు లేవు, భయం ఉంది. "మేడం, రహమాన్ కండ్లు తెరిచిండని నా అల్లునికి ఎవరు చెప్పిన్రు?"

"నేనే," అంది జబీన్. "నేనే చెప్పిన పెద్దనాయినా. నేనే అన్నం గట్టిచ్చిన."

"నా బిడ్డ మొగడని చూడకుండ్రి సారూ," అని అనంతయ్య నాగేశ్ చెయ్యి పట్టుకున్నాడు. "రహమాన్‌ను కాపాడుండ్రి."

నాగేశ్ అప్పటికే ఫోను చెవికి పెట్టాడు. కర్నూలు దవాఖానలోని పోలీసు ఔట్‌పోస్టు. చాలాసేపు మోగింది. ఎట్టకేలకు ఎవరో తీశారు. నాగేశ్ స్పీకర్ నొక్కి, గద్వాల కేసు ముసలాయన ఎట్లున్నడని అడిగాడు.

"బాగుండాడు సార్, ఏం ఫరవాలేదు," అన్నాడు అవతలి కానిస్టేబులు తీరిగ్గా. "ఇప్పుడే సుట్టమెవరో జీపులో వచ్చినాడు, అన్నం తెచ్చినాడు. ముసలామెను కిందికి పోయి తినమని పంపించినాడు. మంచం కాడ ఆయనొక్కడే ఉండాడు సార్. నిద్ర చెడిపోతాదని, నన్ను తలుపు దగ్గరికేసి పొమ్మన్యాడు."